స్టీరింగు తాళము

ఇంటికి తాళమున్నట్లే కారునకును తాళము కలదు. తలుపు తాళము అందరు ఎరిగినదే. కాని స్టీరింగునకు కూడ ఒక తాళమున్నదని అది బిగిసికొనిన నాడు గాని పలువురకు తెలియదు.

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు కుటుంబమొకటి టీ త్రాగుటకై బాట ప్రక్కన కారు నిలిపినదనుకొనుడు. నడుపువాడు తాళపుచెవి తీసికొని, స్టీరింగును ఊతగా పట్టి దిగును. తిరిగి వచ్చి కూర్చుండగా స్టీరింగు కదలదు, తాళపుచెవియు తిరుగదు. కారు చెడినదని అందరును దిగులుపడుదురు. నిజమునకు చెడినదేమియు లేదు. కారు తన కావలి పని తాను చేసినది.

స్టీరింగు క్రింద ఒక ఉక్కు కడ్డీ కలదు. అది తిరిగినపుడే ముందరి చక్రములు మరలును. తాళపుచెవి దూర్చు తావున, లోపల, స్ప్రింగుచే నెట్టబడు చిన్న గడియ యుండును. తాళపుచెవిని తీసిన పిమ్మట స్టీరింగు కొంచెము తిరిగినచో ఆ గడియ కడ్డీ గాడిలో పడి దానిని బంధించును. దొంగ తీగలు కలిపి ఇంజనును నడిపించినను కారును మలుపు త్రిప్పజాలడు. పశ్చిమ జర్మనీలో 1960వ దశాబ్ది తొలినాళ్లలో పాత కార్లకును క్రొత్త కార్లకును ఈ తాళము విధియైనది. అచట కార్ల దొంగతనములు తగ్గినవి.

తాళపుచెవి తిరుగకుండుటకు కారణమేమి? మెలిపడి నిలిచిన టైర్లు సరియగుటకు యత్నించుచు కడ్డీని ఒక వైపునకు నెట్టును. గడియ గాడి అంచున ఇరుకుకొనును. ఒకరు తలుపును నెట్టుచుండగా గడియ తీయుట కష్టము. తలుపును కొంచెము దగ్గరకు లాగిన గడియ సులభముగా వచ్చును. ఇచటను ఉపాయమదియే.

మొదట చేతిబ్రేకు వేసి, తాళపుచెవిని పూర్తిగా దూర్చవలెను. స్టీరింగును కుడియెడమలకు మెల్లగా ఆడింపవలెను. ఒక వైపు అది బొత్తిగా కదలదు. రెండవ వైపు కొంచెము లొంగును. లొంగిన వైపునకు పట్టియుంచి, తాళపుచెవిని మెల్లగా త్రిప్పిన గడియ వదలును. మీట నొక్కి నడుపు కార్లలో బ్రేకు త్రొక్కి, స్టీరింగును ఆడించుచు మీట నొక్కవలెను. బలవంతము పనికిరాదు, తాళపుచెవి విరిగిన చిక్కు హెచ్చును.

మరియొక హెచ్చరిక ముఖ్యమైనది. పెట్రోలు మిగులునని కొందరు పల్లములో ఇంజను ఆపుదురు. అపుడు స్టీరింగు బరువగును, బ్రేకునకు ఎక్కువ బలము కావలయును. తాళపుచెవిని తీసిరా, గడియ పడి మలుపులో స్టీరింగు తిరుగకపోవచ్చును. కారు పూర్తిగా నిలువక మున్ను తాళపుచెవిని ఎన్నడును తీయరాదు. నిలిచిన కారును రక్షించు గడియయే కదలు కారులోని వారి ప్రాణములు తీయగలదు.