సంకటి తిని రెండు గంటల గోడ దాటినవాడు

కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు పందెగాళ్ళ మితమును ప్రస్తావించాడు. ఆ మితం నిత్యజీవితంలో ఎలా ఉంటుందో కెన్యా దేశస్థుడైన ఎలియుడ్ కిప్‌చోగేను చూస్తే తెలుస్తుంది. 2019 అక్టోబరు 12న వియన్నాలో ఆయన మారథాన్ దూరమైన 42.195 కిలోమీటర్లను 1 గంట 59 నిమిషాల 40 సెకండ్లలో పరుగెత్తాడు. అంతకు ముందు రెండు గంటల లోపు ఎవరూ ముగించలేదు. తోడు పరుగువారు వంతులవారీగా మారుతూ గాలిని అడ్డుకున్నందున దానిని అధికారిక రికార్డుగా లెక్కించలేదు.

ఇంతటివాడు తిన్నదేమిటి? ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో కెలికిన సంకటి! దానితో ఆకుకూర, చిక్కుడు గింజలు, పాలు, కొంచెం మాంసం. డబ్బాల పొడులకు డబ్బు పోసే యౌవనస్థులు మీ ఇంట ఉంటే ఈ మాట చదివి వినిపించండి. సంకటిలోని పిండిపదార్థం కండరాలలో, కాలేయంలో నిలువ ఉండి పరుగులో ఖర్చవుతుంది. మారథాన్ చివరిదాకా ఆ నిలువ చాలదు గనుక పందెంలో మాత్రం మధ్యమధ్య చక్కెర కలిసిన పానీయం తాగేవాడు.

సాధన కాప్టగాట్ అనే ఎత్తైన ప్రాంతంలోని శిబిరంలో. వారానికి 200 కిలోమీటర్లకు పైనే, కాని అందులో ఎక్కువ భాగం నెమ్మది పరుగే. రాత్రి తొమ్మిదికే నిద్ర. వారాంతంలో భార్యాపిల్లల దగ్గరికి ప్రయాణం. 2016 రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాక కూడా శిబిరంలో మరుగుదొడ్లు కడిగే వంతు ఆయనకు తప్పలేదు.