ప్రక్కదారి పట్టు చమురుబావి

మేము ఆబిడ్సునుండి నాంపల్లి స్టేషనుకు పోవునప్పుడు దారి మూసియున్నచో ఇంటికి మరలిరాము, ప్రక్కసందు పట్టుదుము. చమురుబావులు త్రవ్వువారి ఉపాయమును ఇట్టిదే. రాజమహేంద్రవరము కేంద్రముగా ఓ.ఎన్.జి.సి. సంస్థ గోదావరి సీమలో త్రవ్వు బావులు వేల మీటర్ల లోతు. ఒక్కొక్కప్పుడు అడుగున గొట్టము విరిగి ఇరుకుకొని పైకి రాదు. అప్పుడు దానిపై సిమెంటు పోసి పాతదారిని మూయుదురు. ఏటవాలుగా చెక్కిన పొడవైన ఉక్కుదిమ్మెను దింపి బిగింతురు. దాని పేరు విప్‌స్టాక్. కోతపనిముట్టు ఆ వాలుమీద ఒరిగి, బావి లోపలి ఉక్కుతొడుగుకు కిటికీ కోసి, రెండు మూడు డిగ్రీలు మాత్రమే ప్రక్కకు మళ్ళును. పైబావి వృథా కాదు. అయితే వాలు ఏ దిక్కు చూచుచున్నదో బిగింపకముందే కొలువవలెను. సందు తప్పినచో మేము దారినపోవువారిని అడుగుదుము, భూగర్భమున ఎవరినడుగుదుము?