బిస్కెట్ రంగు జంటకు నల్ల పిల్లలు

కుక్కకు ఏ రంగు పిల్లలు పుట్టవచ్చో ముందే చెప్పే జన్యు పరీక్షకు రక్తం కూడా అక్కర్లేదు. దవడ లోపలి వైపు దూదిపుల్లతో రుద్ది, ఆరబెట్టి, కవర్లో పెట్టి పరీక్షశాలకు పంపితే చాలు. తిరిగి వచ్చే రిపోర్టులో అసలు సంగతంతా కొన్ని జతల ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. పెద్దక్షరం ఒక్కటున్నా పెత్తనం దానిదే. చిన్నక్షరాలు రెండూ కలిస్తేనే వాటి గుణం బయటపడుతుంది.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు జాతికుక్క అనగానే ముందు గుర్తొచ్చే ల్యాబ్రడార్‌కు ఈ, బీ అనే రెండు జతలు ముఖ్యం. ‘ఈ’ అంటే ఎంసీ1ఆర్ జన్యువు. దాని రెండు ప్రతులూ చెడితే బొచ్చులో నల్లరంగు తయారు కాదు, కుక్క పసుపుగా పుడుతుంది. ‘బీ’ అంటే టీవైఆర్‌పీ1. ఇది చెడితే నలుపు చాక్లెట్ రంగుకు దిగుతుంది. పసుపు కుక్కలో ఈ రెండో మార్పు బొచ్చు మీద కనిపించదు, ముక్కు మీద తెలుస్తుంది. ముక్కు కూడా గోధుమ రంగులో ఉంటే బీ జత రెండూ చిన్నక్షరాలే. రెండు చిన్నక్షరాలనూ దాచుకున్న నల్ల కుక్కలను జతచేస్తే, పదహారు పాళ్లలో 9 నలుపు, 3 చాక్లెట్, 4 పసుపు వస్తాయని లెక్క. ఒక ఈతలో పుట్టే ఏడెనిమిది పిల్లల్లో ఆ లెక్క అచ్చంగా కుదరాలని లేదు. రెండు చాక్లెట్ ల్యాబ్‌లకు నల్ల పిల్ల మాత్రం పుట్టదు. రెండు పసుపు ల్యాబ్‌లకు పసుపు పిల్లలే పుడతాయి. నల్లది పుట్టిందంటే తండ్రి వేరే.

ఎదకొచ్చిన పసుపు ఆడ ల్యాబ్ గోడ దూకి, వీధిలోని బిస్కెట్ రంగు ఊరకుక్కతో కలిసిందనుకుందాం. రెండూ చూడటానికి ఒకే రంగు. అయినా పిల్లలన్నీ నల్లగా పుట్టవచ్చు. యజమాని వెంటనే మరో నల్ల కుక్కను అనుమానిస్తాడు. అనుమానం తీరాలంటే రిపోర్టు కన్నా ముందు ఊరకుక్క వీపు చూడాలి. బొచ్చు పాయ తీస్తే చాలాసార్లు వెంట్రుక కొసలు నల్లగా ఉంటాయి, మూతి చుట్టూ మసి పూసినట్టు ఉంటుంది. పసుపు ల్యాబ్ బొచ్చంతా వెతికినా ఒక్క నల్ల వెంట్రుక దొరకదు. నలుపు ఉంటే ముక్కు, కనురెప్పల అంచుల్లాంటి చోట్లే. రంగు ఒకటే, కారణాలు వేరు. ఊరకుక్కలో ఎంసీ1ఆర్ బాగానే పనిచేస్తుంది, దాని బిస్కెట్ రంగు ఏఎస్ఐపీ అనే మరో జన్యువు పుణ్యం.

ఇక్కడే రిపోర్టులోని మూడో జత, ‘కే’, అక్కరకొస్తుంది. ఇది సీబీడీ103 జన్యువు. ల్యాబ్రడార్‌లో మామూలుగా కే రెండూ నలుపు వైపే ఉంటాయి. బిస్కెట్ రంగు ఊరకుక్కలో అలా ఉండవు. కేను నలుపు స్విచ్ అనీ, ఎంసీ1ఆర్‌ను తీగ అనీ అనుకుంటే, తల్లి దగ్గర స్విచ్ వేసే ఉంది, తీగ తెగింది. తండ్రి దగ్గర తీగ బాగుంది, స్విచ్ వేయలేదు. పిల్లలకు తల్లి స్విచ్, తండ్రి తీగ రెండూ అందుతాయి, అందుకే నలుపు. ఏఎస్ఐపీ వల్ల వచ్చే బిస్కెట్ రంగుల్లో ఒకదాని వెనకున్న డీఎన్ఏ ముక్క, 20 లక్షల ఏళ్లకు పూర్వమే తోడేళ్ల వంశం నుంచి విడిపోయి అంతరించిన ఒక జంతువుదని 2021లో వెలువడిన పరిశోధన చెబుతోంది. బస్టాండు దగ్గర పడుకునే కుక్కను జాతిలేనిదని తీసిపారేసేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

చరిత్ర క్లుప్తంగా: జన్యుశాస్త్రవేత్త క్లారెన్స్ కుక్ లిటిల్ 1957లో కుక్కల రంగుల వారసత్వం మీద పుస్తకం రాసే నాటికి ఆధారం ఈతల లెక్కలే. 2000లో ఎంసీ1ఆర్ మార్పు, 2002లో టీవైఆర్‌పీ1 మార్పులు, 2005లో టాషా అనే బాక్సర్ కుక్క పూర్తి జన్యుపటం, 2007లో సీబీడీ103 వెలుగుచూశాయి.

రిపోర్టు చదవడంలో ఒక చిక్కుంది. చాక్లెట్ రంగు తెచ్చే బీ మార్పులు ఒకటి కాదు, ల్యాబ్రడార్‌లలోనే మూడు రకాలు తెలుసు. కుక్కలో రెండు వేర్వేరు మార్పులు కనిపిస్తే అవి చెరో క్రోమోజోమ్ మీద ఉన్నప్పుడే చాక్లెట్. రెండూ ఒకే క్రోమోజోమ్ మీద ఉంటే నలుపే. మామూలు రిపోర్టు ఈ తేడా చెప్పదు, తల్లిదండ్రులనూ పరీక్షించాల్సిందే.

రంగు పరీక్ష జాతి శుద్ధికి హామీ కాదు. తుంటి కీలు, కంటి జబ్బుల సంగతీ తేల్చదు. అమ్మకందారులు ఊదరగొట్టే ‘డబుల్ బోన్’ అనే మాటకు జన్యుశాస్త్రంలో చోటే లేదు. రంగు కోసమే క్రాసింగ్ చేయిస్తే ఏమవుతుందో బ్రిటన్ ల్యాబ్రడార్‌ల మీద 2018లో వచ్చిన అధ్యయనం సూచించింది. చాక్లెట్ కుక్కల మధ్యస్థ ఆయుష్షు 10.7 ఏళ్లు, మిగతా రంగులవి 12.1. చెవి, చర్మ వ్యాధులూ చాక్లెట్‌వాటికే ఎక్కువ. నేరం రంగుది కాకపోవచ్చు. కోరిన రంగు కోసం కొద్ది కుక్కల చుట్టూనే సంతతి తిరగడం కారణమై ఉండొచ్చని పరిశోధకుల ఊహ. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కొనేవారు రంగు కన్నా ముందు అడగాల్సింది ఆ వయసే.

తెలుపు, చెవుడు

లోపలి చెవికీ రంగు కణాలు కావాలి. తెలుపు మరీ ఎక్కువైన కుక్కల్లో అవి అక్కడ కొరవడి చెవుడు రావచ్చు. డాల్మేషియన్‌లలో సుమారు 30 శాతానికి ఒక చెవిలోనో, రెండింటిలోనో వినపడదు. మచ్చల ‘మెర్ల్’ రంగుకు కారణమైన జన్యుమార్పు 2006లో దొరికింది. రెండు మెర్ల్ కుక్కలను కలిపితే పిల్లల్లో కొన్ని గుడ్డివో, చెవిటివో అయ్యే ప్రమాదం ఉంది. రంగు పరీక్ష నిజంగా ప్రాణానికి అక్కరకొచ్చేది ఇలాంటి జంటల విషయంలోనే.

నల్ల గొర్రె

కురుమల దక్కని గొర్రె ఉన్ని నల్లన కాబట్టే గొంగడికి రంగు అద్దే పనిలేదు. గొర్రెల రంగులోనూ ఎంసీ1ఆర్ పాత్ర ఉంది. నార్వేలోని డాలా గొర్రెల్లో నలుపుకు పెత్తనమిచ్చే మార్పులను 1999లో గుర్తించారు. తెలంగాణ మందల్లో మాంసం కోసం ఉన్నిలేని నెల్లూరు రకం పెరిగేకొద్దీ నల్ల ఉన్ని తగ్గిపోయింది.