బెలింజర్‌ది బద్ధకం కాదు, భుజం

ఏటా నవంబరులో బేస్‌బాల్ జట్లు ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వదులుకోవాలో తేల్చుకునే గడువు దగ్గరపడగానే కోడీ బెలింజర్ పేరు మళ్లీ పైకి వస్తుంది. దాని వెనకే ఆ పాత మాటా వస్తుంది: "కోట్లు చేతికందాక ఆట మీద శ్రద్ధ పోయింది, డాడ్జర్స్ అందుకే గెంటేసింది." డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని లిటిల్ లీగ్‌కి పంపే మన ఇళ్లలో కూడా ఈ మాటను పాఠంగా చెప్పే పెద్దలున్నారు. నొప్పి అంటూ కూర్చుంటే నీకూ అదే గతి పడుతుందని బెదిరిస్తారు. అది విన్న పిల్లవాడు భుజం పీకుతున్నా కోచ్‌కి చెప్పడు. బెలింజర్ పరువు సంగతి అతను చూసుకుంటాడు. నా బాధ ఆ పిల్లవాడి గురించి.

అసలు ఏం జరిగిందో చూడండి. 2019లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బ్యాటర్‌గా బెలింజర్ 47 హోమ్ రన్‌లు కొట్టి, .305 సగటుతో నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. 2020 అక్టోబరు 18న ఆర్లింగ్టన్‌లో అట్లాంటా బ్రేవ్స్‌తో నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్. స్కోరు 3-3 దగ్గర ఉండగా ఏడో ఇన్నింగ్స్‌లో అతను కొట్టిన హోమ్ రన్నే డాడ్జర్స్‌ను వరల్డ్ సిరీస్‌కి చేర్చింది. ఆ సంబరంలో సహచరుడు కీకే హెర్నాండెజ్‌తో ముంజేతులు గట్టిగా తాకించుకుంటే కుడి భుజం కీలు తప్పింది. అంతకుముందు 2019లోనూ ఆ భుజం ఒకసారి జారింది. వరల్డ్ సిరీస్ గెలిచాక, నవంబరులో సర్జరీ జరిగింది.

బెలింజర్‌ది ఎడమచేతి వాటం కదా, కుడి భుజం పోతే ఏం అంటారు. అక్కడే పప్పులో కాలేస్తున్నారు. ఎడమచేతి బ్యాటర్ నిలబడినప్పుడు పిచర్ వైపు ఉండేది కుడి భుజమే. బ్యాట్‌ను ముందుకు లాక్కొచ్చేది ఆ చెయ్యే. ఛాతీ ఎత్తున వేగంగా వచ్చే ఫాస్ట్‌బాల్‌కి అందాలంటే ఆ భుజంలో బలమూ ఉండాలి, మనసులో జంకూ ఉండకూడదు. సర్జరీ తర్వాతి రెండేళ్లూ పిచర్లు అతన్ని పట్టుకున్నది సరిగ్గా ఆ ఫాస్ట్‌బాల్‌తోనే.

పైగా 2021లో గాయపడింది భుజమొక్కటే కాదు. ఏప్రిల్‌లో ఓక్లాండ్‌లో మొదటి బేస్ దగ్గర జరిగిన ఢీలో ఎడమ కాలి ఎముక చిట్లింది. సెప్టెంబరులో అవుట్‌ఫీల్డ్‌లో గావిన్ లక్స్‌తో ఢీకొని పక్కటెముక విరిగింది. ఆ ఏడాది ఆడింది 95 మ్యాచ్‌లు, సగటు .165. 2022లో 144 మ్యాచ్‌లు ఆడినా సగటు .210 దాటలేదు. "144 ఆడాడంటే ఒళ్లు బాగున్నట్టే కదా?" అని అడుగుతారు. కాదు. డాక్టరు ఆడవచ్చు అన్నాడంటే భుజం మళ్లీ జారే ప్రమాదం తగ్గిందని అర్థం, పాత బలం తిరిగొచ్చిందని కాదు. బలం లేని భుజంతో నెలల తరబడి ఆడితే ఒళ్లు అడ్డదారి వెతుక్కుంటుంది, స్వింగ్ పాడవుతుంది. భుజం కోలుకున్నా ఆ స్వింగ్ వెంటనే బాగుపడదు.

ఇక గెంటేయడం సంగతి. 2022 నవంబరు 18న డాడ్జర్స్ అతనికి మరుసటి ఏడాది కాంట్రాక్టు ఇవ్వలేదు. అప్పటికి అతని జీతం 1.7 కోట్ల డాలర్లు. ఆర్బిట్రేషన్‌లో, అంటే జీతం తేల్చే మధ్యవర్తిత్వంలో, ఎంత ఘోరంగా ఆడినా జట్టు 20 శాతానికి మించి కోత అడగడానికి వీల్లేదు. నిజానికి జీతం దాదాపు 1.8 కోట్లకు పెరుగుతుందనే అంచనా వేశారు. డాడ్జర్స్ 2021, 2022ల్లో వరసగా, జట్టు మొత్తం జీతాల మీద లీగ్ పెట్టిన పన్ను గీత దాటింది. మూడో ఏడూ దాటితే పన్ను కనీసం 50 శాతం, అంటే ఆ 1.8 కోట్లు జట్టుకు 2.7 కోట్లు కావచ్చు. అంత ధర పెట్టలేమని వాళ్లు అనుకున్నారు. అది మనిషి మీద ఇచ్చిన తీర్పు కాదు.

ఎవరూ అతన్ని కోరుకోలేదన్నది ఉత్త మాట, నెల తిరక్కుండానే షికాగో కబ్స్ 1.75 కోట్లకు ఒప్పుకుంది. డాడ్జర్స్ మునిగిపోయిందన్నదీ అంతే, 2023లో వాళ్లు 100 మ్యాచ్‌లు గెలిచారు, సెంటర్‌ఫీల్డ్‌లో కొత్త కుర్రాడు జేమ్స్ అవుట్‌మన్ 23 హోమ్ రన్‌లు కొట్టాడు.

ఒక్క మాట మాత్రం ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. అతని ఆట గాయానికి ముందే తగ్గిందనే వాళ్లు పూర్తిగా తప్పు కాదు. 2020లో, ఆ అక్టోబరు రాత్రికి ముందే, సగటు .239కి పడిపోయింది. కోవిడ్ వల్ల 60 మ్యాచ్‌లకు కుదించిన సీజన్‌ను బట్టి ఎంత చెప్పగలమన్నది వేరే ప్రశ్న. కానీ నేరమంతా భుజం మీదకి నెట్టలేం.

2023లో కబ్స్‌కి .307 సగటు, 26 హోమ్ రన్‌లు. పాత బెలింజర్ తిరిగొచ్చాడన్నారు. అదీ నిజం కాదు. బంతి అతని బ్యాట్‌ను వీడే వేగం 2019 స్థాయికి రాలేదు. రెండు స్ట్రైకులు పడ్డాక స్వింగ్ కుదించుకుని బంతిని తాకించడం నేర్చుకున్నాడు, అందుకే 2022లో 150 ఉన్న స్ట్రైకవుట్లు 87కి దిగాయి. శ్రద్ధ లేనివాడు చేయగలిగే పనేనా అది?

కాబట్టి భుజం సర్జరీ అయిన పిల్లలున్న తల్లిదండ్రులు నెలలు లెక్కపెట్టడం మానండి. డాక్టర్ని, ఫిజియోని అడగాల్సింది రెండు భుజాల బలం కొలిచి పక్కపక్కన పెట్టి చూపమని. అనుమతి వచ్చాక ముందు బ్యాటింగ్ టీ మీద పెట్టిన బంతి, తర్వాత దగ్గర్నించి మెల్లగా వేసిన బంతి, ఆ తర్వాత మెషీన్, చివరికే పిచర్. ఒక మెట్టు ఎక్కిన మర్నాడు నొప్పి ఉంటే ఒక మెట్టు దిగండి. ఈ సంగతంతా కోచ్‌కి సీజన్ మొదలయ్యే ముందే మీరే చెప్పండి, పిల్లవాడి చేత చెప్పించకండి.