మనసుకూ ఒక ప్రయోగశాల

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో పెట్టుకోవాలని ఆదేశించింది. వరంగల్‌ను ఆనుకుని ఉన్న హన్మకొండలో ఆ లెక్కలోకి రాని కాలేజీలు ఎక్కువ ఉండవు. 2019 ఏప్రిల్ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్న తెలంగాణకు ఈ ఆదేశం అవసరం ఎంతో ఒకరు చెప్పక్కర్లేదు. అంతమంది నిపుణులు ఎక్కడి నుంచి వస్తారు? ఆ ప్రశ్న రాగానే అందరి చూపూ సైకాలజీ డిగ్రీ మీద పడుతుంది. మామూలు మూడేళ్ల బీఏ, బీఎస్సీ సైకాలజీ మాత్రం ఎవరినీ చికిత్సకుడిగా నిలబెట్టదు. క్లినికల్ సైకాలజిస్టుగా భారత పునరావాస మండలిలో నమోదు కావాలంటే పైచదువు, రోగుల మధ్య శిక్షణ తప్పవు. పట్టా చేతికి రాగానే కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెడితే ఆ పట్టాకూ, ఎదుట కూర్చున్న పిల్లకూ అన్యాయం చేసినట్టే. అయినా వరంగల్‌లో ఈ డిగ్రీ గట్టిగా నిలవాలని నేనంటాను. అది నేర్పేది వేరు.

సైకాలజీ ప్రాక్టికల్స్‌లో అద్దం గీత అని ఒక ప్రయోగం ఉంటుంది. బల్ల మీద నక్షత్రం బొమ్మ, దాన్ని నేరుగా చూడనీయకుండా ఒక అడ్డు, ఎదురుగా అద్దం. అద్దంలో చూస్తూ గీత వెంట చెయ్యి నడపాలి. పైకి పోవాలనుకున్న చెయ్యి కిందికి జారుతుంది, మూల దగ్గర ఆగిపోతుంది. పక్కవాడు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి తప్పూ రాసుకుంటాడు. పదోసారికి తప్పులు తగ్గుతాయి. అప్పుడు గ్రాఫు గీయాలి, సగటు కట్టాలి. తనకు అనిపించిందొకటి, లెక్క చూపిందొకటి అని పందొమ్మిదేళ్ల వయసులో కళ్లారా చూసిన విద్యార్థి మనుషుల గురించి తొందరపడి తీర్పు చెప్పడు. 1879లో లైప్‌జిగ్‌లో మనస్తత్వవేత్త వూంట్ ప్రయోగశాల తెరిచింది మనసును ఊహల నుంచి కొలతకు తేవడానికే.

మనిషిని చదవడానికి కాలేజీ ఎందుకు, ఇంట్లో పెద్దవాళ్లు చాలరా అంటారు. చాలా సంగతుల్లో చాలు. కానీ ఒకటి చూడండి. దిగులుగా ఉన్న పిల్లను ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని పెద్దలు నోరు మెదపరు. అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రేమ ఉండి కూడా తప్పు చేసే చోటు ఇది. ఉద్యోగాలు లేవన్న అభ్యంతరం మరింత బరువైనది, దాన్ని తోసిపుచ్చలేం. డిగ్రీతోనే వచ్చే కొలువులు తక్కువే. అయితే ఈ చదువు చదివినవాళ్లు టీచర్లవుతారు, హాస్టల్ వార్డెన్లవుతారు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. నిద్ర పడ్తలేదు, తినబుద్ధయితలేదు అని చెప్పే పిల్లను ముందు గుర్తుపట్టి, టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కో, డాక్టరు దగ్గరికో చేర్చే మనిషి ఆమె పక్కనే ఉండాలి.

2025-26 నుంచి సైకాలజీని దూరవిద్యలో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఇక భారమంతా రెగ్యులర్ కాలేజీలదే. 1959 నాటి కాకతీయ మెడికల్ కాలేజీ, 1976 నాటి కాకతీయ యూనివర్సిటీ, ఎంజీఎం ఆస్పత్రి వరంగల్‌లో ఒకేచోట ఉన్నాయి. ఇక్కడ ఈ డిగ్రీ నిలవడానికి ముందుగా కావలసింది ఒక ల్యాబు, మన పిల్లల మీదే సరిచూసిన తెలుగు ప్రశ్నావళులు, చివరి ఏడాది సైకియాట్రీ విభాగంలో డాక్టర్ల పక్కన కూర్చుని వినే కొన్ని వారాలు.