గులాబీకి బూడిద తెగులు వేరు, నల్లమచ్చ వేరు



మా ఇందల్వాయి, డిచ్‌పల్లి, జక్రాన్‌పల్లి వైపు పసుపు ఎక్కువ. వానాకాలంలో పసుపుకు ఆకుమచ్చ తెగులు వస్తది, మాంకోజెబ్ కొడతారు. పంపు అడుగున మిగిలిన మందు పారబోయ బుద్ధికాక ఇంటికాడి గులాబీల మీద కొట్టడం చాలా ఇండ్లల్లో చూస్తున్నాను. పొలంలో జీవామృతం తప్ప ఇంకోటి వాడనివాళ్లు కూడా పూలచెట్టు దగ్గరికి వచ్చేసరికి "తినేది కాదు గదా" అంటారు. ఆ పూలే దేవుడికి పెడతాం, ఆడపిల్లల జడలో పెడతాం, కొందరైతే గుల్కంద్ కూడా చేసుకుంటారు. యూరప్ సంఘం ఇదే మాంకోజెబ్‌కు 2020 డిసెంబర్‌లో అనుమతి పొడిగించకుండా ఆపేసింది.

అదట్ల ఉంచితే, ఆ మందు నల్లమచ్చను కొంత ఆపుతుంది గానీ బూడిద తెగులు మీద పెద్దగా పనిచేయదు. చలికాలంలో గులాబీకి వచ్చేది ఎక్కువగా బూడిదే. అంటే విషం చల్లినట్టూ అయితది, తెగులు పోనట్టూ అయితది.

అందుకే ముందు ఏ తెగులో గుర్తుపట్టాలి. పై వీడియోలో రెండు ఆకులు పక్కపక్కన పెట్టి చూపించాను. బూడిద తెగులు లేత చిగురు మీద, మొగ్గ మీద, మొగ్గ కాడ మీద పిండి చల్లినట్టు ఉంటుంది. ఆకు ముడుచుకుంటుంది, మొగ్గ సరిగా విచ్చుకోదు. నల్లమచ్చ ముదురు ఆకుల మీద, కింది నుంచి మొదలవుతుంది. గుండ్రటి నల్ల మచ్చ, అంచు నూలుపోగుల్లా చెదిరినట్టు ఉంటుంది, చుట్టూ పసుపు రంగు తిరిగి ఆకు రాలిపోతుంది. మచ్చలేసిన చెట్టు కింద నుంచి బోడిగా కనబడుతుంది.

నీళ్ల విషయంలో ఈ రెండూ పూర్తిగా ఎదురెదురు. నల్లమచ్చ విత్తనం మొలకెత్తాలంటే ఆకు కనీసం ఏడు గంటలు వరుసగా తడిగా ఉండాలి. బూడిదకు తడి అవసరమే లేదు, ఆకు మీద నీళ్లు నిలిస్తే దాని విత్తనం దెబ్బతింటుంది. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉంటే దానికి పండగ. మనకు కార్తీకం దాటాక వచ్చే వాతావరణం అదే. కాబట్టి వానాకాలంలో ఆకు తడపకుండా మొదట్లోనే నీళ్లు పోయాలి, సాయంత్రం పైపుతో చెట్టంతా తడిపే అలవాటు మానాలి. చలికాలంలో బూడిద కనబడితే పొద్దున్నే నీళ్లతో ఆకులు కడిగినా మేలే, కానీ మధ్యాహ్నానికి ఆకు ఆరిపోవాలి.

నల్లమచ్చ దగ్గర మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకు ఒక చిక్కు ఉంది. రాలిన ఆకును ఎక్కడిదక్కడే ఆచ్ఛాదనగా వదిలేయడం మనకు నేర్పిన పాఠం. గులాబీకి మచ్చ పట్టిన ఆకు విషయంలో మాత్రం అది పనికిరాదు. ఆ శిలీంధ్రం రాలిన ఆకులో బతికే ఉంటుంది. వాన చినుకు దాని మీద పడి చిల్లితే, ఆ తుంపరతోనే కింది ఆకులకు ఎక్కుతుంది. రాలినవి ఏరి కాల్చేయండి లేదా చెట్లకు దూరంగా గుంత తీసి పూడ్చండి. చెట్టు మీద మచ్చలున్నవి కూడా గిల్లేయండి, కానీ ఒక్కరోజే చెట్టును బోడి చేయొద్దు. తర్వాత మొదట్లో వరిగడ్డి, చెరుకు ఉన్నోళ్లు చెరుకాకు, మందంగా పరవండి. మట్టి నుంచి తుంపర లేవదు. ఈ ఒక్క పని చేసి చూడండి, సగం తెగులు తగ్గుతది. మచ్చ పడ్డ ఆకును ఏ కషాయమూ బాగుచేయలేదు, ఎందుకంటే శిలీంధ్రం ఆకు పైపొర కింద ఉంటుంది. మనం కొట్టేదంతా కొత్త ఆకును కాపాడడానికే.

బూడిద అట్లా కాదు, ఆకు పైనే పాకుతుంది, వేర్లలాంటివి మాత్రం పైచర్మంలోకి దించుతుంది. అందుకే పైన కొట్టే పుల్ల మజ్జిగ దీని మీద పనిచేస్తుంది. పాలేకర్ పద్ధతిలో 200 లీటర్ల నీళ్లకు 5 లీటర్ల పులిసిన మజ్జిగ. ఇంటి గులాబీకి నేను ఇంకా చిక్కగా, లీటరు నీళ్లకు 100 మిల్లీలీటర్లు కలుపుతాను. మూడు నాలుగు రోజులు పులిసినది, బట్టలో వడగట్టి, వారానికోసారి. ఉప్పు వేసిన మజ్జిగ మాత్రం వద్దు. పాల సంగతి కూడా వట్టి నమ్మకం కాదు. బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి జాతి కూరగాయ మీద బూడిద తెగులుకు పచ్చిపాలు, నీళ్లు కలిపి కొట్టి, పది శాతం, ఆపైన అయితే రసాయన మందుకు తీసిపోలేదని 1999లో ప్రచురించారు.

బూడిద మళ్లీమళ్లీ వస్తుంటే మీ ఎరువు వైపు చూడండి. యూరియా అయినా, పచ్చి కోళ్ల ఎరువు అయినా, ఎక్కువైతే చిగురు మెత్తగా పొడుగ్గా వస్తది. బూడిదకు కావాల్సింది అదే మెత్తటి చిగురు. గోడ నీడన, గాలి ఆడని చోట పెట్టిన చెట్టుకు ఎన్ని కొట్టినా అంతే.

తినే సోడా గురించి చాలామంది అడుగుతున్నారు. లీటరుకు 5 గ్రాములు, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపితే బూడిదకు కొంత పనిచేస్తది. కానీ పదేపదే వాడితే మట్టిలో ఉప్పు చేరుతుంది, కుండీల్లో ఇంకా తొందరగా. నాకైతే మజ్జిగే నయం. ముదిరిపోతే నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టొచ్చు, సేంద్రియంలో దానికి అనుమతి ఉంది. ఎండ 32 డిగ్రీలు దాటితే కొట్టొద్దు, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు అసలే కొట్టొద్దు, ఆకు మాడుతది. ట్రైకోడెర్మా పశువుల ఎరువులో కలిపి మొదట్లో వేస్తే వేరుకు మంచిది. ఆకు మీద మచ్చకు దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అక్టోబర్‌లో వానలు వెనక్కి తగ్గాక కొమ్మ కత్తిరింపులు చేస్తాం గదా, అప్పుడు ఇంకో తెగులు చూసుకోవాలి. కోసిన చివర నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి ఎండుతుంది. నల్లటి భాగం దాటి, లోపలి బెండు తెల్లగా కనబడేదాకా కిందికి కోయాలి, కళ్లకు కొంచెం పైన, ఏటవాలుగా. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేముందు కత్తెర స్పిరిట్‌తో తుడవండి. కోసిన చోట 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం లీటరు నీళ్లలో కలిపిన బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం కూడా వద్దనుకునేవాళ్లు పేడ, పసుపు కలిపి పూస్తారు. అదైతే వానకు కడుక్కుపోతది, మబ్బు పడితే మళ్లీ పూయాలి.