డిస్కు పోయినా విండోస్ పోదు

కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డునున్న గార్డెన్ రీచ్ ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు కొత్త పేరేమీ కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరేదాకా వాల్తేరు డివిజను ఆ కార్యాలయం కిందే నడిచింది. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగాల మీద వెళ్లినవాళ్లు అక్కడి క్వార్టర్స్‌లో కాపురాలు పెట్టారు. పిల్లల చదువుల కోసం కంప్యూటర్లూ కొన్నారు. కోల్‌కతాలోని చాందినీ చౌక్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న పెట్టెకు చాలాసార్లు విండోస్ డిస్కే ఉండదు. కంపెనీ ల్యాప్‌టాప్‌తో డిస్కు వచ్చినా, అది ఏ బదిలీ సామానులోనో పోతుంది. ఒకనాడు తెర మీద లోగో వచ్చి అక్కడే ఆగిపోతుంది. షాపులో కుర్రాడు “ఫార్మాట్ కొట్టాలి, డిస్కుందా అండీ?” అంటాడు.

డిస్కు లేదని కంగారు పడనక్కర్లేదు. మన కంప్యూటర్లో ఉన్నవి మూడు: విండోస్ ప్రోగ్రాము, దాన్ని వాడుకునే లైసెన్సు, మనం దాచుకున్న ఫైళ్లు. రైలు వేరు, టికెట్టు వేరు, మన సామాను వేరు. డిస్కు ఇచ్చేది మొదటిదాన్ని మాత్రమే. అది ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతుంది.

ముందు కంప్యూటర్లోనే వెతకాలి. చాలా కంపెనీలు హార్డ్ డిస్కులో కొంత భాగాన్ని కంటికి కనబడకుండా వేరుచేసి, అందులో ఫ్యాక్టరీ విండోస్‌ను దాచి ఉంచుతాయి. ఆన్ చేస్తూనే హెచ్‌పీలో ఎఫ్11, ఏసస్‌లో ఎఫ్9, ఏసర్‌లో ఆల్ట్‌తో ఎఫ్10 నొక్కితే సాధారణంగా ఆ దారి తెరుచుకుంటుంది. విండోస్ 10, 11లలో ఇంకో ఉపాయముంది. స్టార్టవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి, వరసగా రెండు మూడుసార్లు ఆపేస్తే రికవరీ తెర దానంతటదే వస్తుంది. అందులో ‘రీసెట్’ ఎంచుకోవచ్చు. 2020 నుంచి ఈ రీసెట్ కొత్త ప్రతిని ఇంటర్నెట్ నుంచే దించుకోగలుగుతోంది. దానికి దాదాపు 4 జీబీ డేటా ఖర్చవుతుంది. 

హార్డ్ డిస్కే చెడిపోయి కొత్తది వేస్తే దాచిన భాగం కూడా పాతదాంతోపాటే పోతుంది. అప్పుడు పెన్‌డ్రైవే దిక్కు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను పక్కింటివాళ్ల కంప్యూటర్‌కు పెట్టి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దించుకుంటే అదే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి చెరిగిపోతాయని మాత్రం మరవకూడదు. ఫుట్‌పాత్ మీది ‘క్రాక్’ కాపీల జోలికి వెళ్లొద్దు. విండోస్‌తోపాటు వైరస్ కూడా దిగవచ్చు.

ఇక లైసెన్సు. ఎక్స్‌పీ, విండోస్ 7 కాలంలో 25 అక్షరాల ప్రొడక్ట్ కీని స్టిక్కరు మీద అచ్చువేసి పెట్టెకో ల్యాప్‌టాప్ అడుగునో అంటించేవారు. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కంపెనీ యంత్రాల్లో ఆ కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటోంది. ఇన్‌స్టాలర్ దాన్ని తనే చదువుకుంటుంది. విండోస్ 10 నుంచి, ఒకసారి యాక్టివేట్ అయిన యంత్రాన్ని మైక్రోసాఫ్ట్ సర్వర్లు గుర్తుపెట్టుకుంటున్నాయి. కాబట్టి కీ అడిగితే ‘నా దగ్గర లేదు’ అని ముందుకు సాగవచ్చు. ఇంతకుముందు విండోస్ హోమ్ ఎడిషన్ ఉంటే హోమే వేయాలి. హోమ్ లైసెన్సు మీద ప్రో ఎడిషన్ నడవదు. మదర్‌బోర్డు మారిస్తే మళ్లీ చిక్కే.

మూడోది ఫైళ్లు. రీసెట్‌లో ‘నా ఫైళ్లు ఉంచు’ అంటే ఫొటోలు, డాక్యుమెంట్లు మిగులుతాయి, వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. రెండోదైన ‘అన్నీ తీసెయ్’ ఎంచుకుంటే ఏదీ మిగలదు. విండోస్ అసలు తెరుచుకోకపోతే ఉబుంటు వంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ముందు ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. డిస్కుకు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం పడి ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ కావాలి. అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది.

తెలుగువాళ్లకు ఇంకో మెలిక. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన శుభలేఖలు, సావనీర్లు యూనికోడ్‌లో ఉండవు. ఫైలు భద్రంగానే ఉన్నా, ఆ ఫాంటు లేని కొత్త విండోస్‌లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం కనిపిస్తుంది. ఫైళ్లతోపాటు ఫాంట్లు కూడా కాపీ చేసుకోవాలి.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 పాత యంత్రాల్లో చాలావాటిని ఒప్పుకోదు. అలాంటివాటికి ఉబుంటుగానీ మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ లైనక్స్‌గానీ వేసుకోవచ్చు. వీటికి డిస్కూ అక్కర్లేదు, లైసెన్సు రుసుమూ లేదు.

ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ మళ్లీ ఇస్తుంది, లైసెన్సును యంత్రమో మైక్రోసాఫ్ట్ సర్వరో గుర్తుంచుకుంటుంది. మన ఫైళ్ల రెండో ప్రతిని మాత్రం మనమే దాచుకోవాలి. కంప్యూటర్ బాగా నడుస్తున్నప్పుడే ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసి, ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి, బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసి పెట్టుకుంటే, ఆ షాపు కుర్రాడి ప్రశ్నకు తడబడాల్సిన పని ఉండదు.